దేవుణ్ణి కొనుక్కెళ్లి వాళ్లేం చేస్తారు?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగానికి రాత రూపం)



'ఆశ్రమ పాఠశాలల్లో మన సంస్కృతి' అనే విషయం మీద మాట్లాడమని సంఘం వాళ్లు మమ్మల్ని పిలిచారు. మేము అంటే ఒక్క వార్డెన్ అనుకోవద్దు. వంటమ్మలు, ఏఎన్‌ఎం, వాచ్‌మన్, పిల్లలు, అందరం కలిసే మేము. రాసుకొచ్చిన కాగితం ఒకటి చేతిలో ఉంది. అందులో ఉన్నవి మీకు తెలిసిన సంగతులే. దాన్ని పక్కన పెట్టి, మా ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగిన ఒక ప్రశ్న గురించి మాట్లాడుతాం. ఆ ప్రశ్న పట్టుకుని మేము చాలా దూరం, ఇటలీ దాకా వెళ్లాల్సి వచ్చింది. కొంచెం ఓపిక పట్టండి.

దండారి సెలవులకు పిల్లలు ఇళ్లకు వెళ్లి వచ్చారు. ఎప్పటిలాగే మురుకులు తెచ్చారు, జ్వరాలు తెచ్చారు. ఈ అమ్మాయి మాత్రం రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే చెప్పింది. వాళ్లింట్లో దేవుడి గూట్లో ఇత్తడి మూర్తి ఒకటి ఉండేది. ముత్తాతల కాలం నాటిది. ఏ దేవుడో మేము ఇక్కడ చెప్పం, చెప్పకూడదు. కారులో ఒకాయన వచ్చాడు. పాత సామాను కొంటానన్నాడు. రెండు కొత్త స్టీలు బిందెలు, పదిహేను వందల రూపాయలు ఇచ్చి మూర్తిని తీసుకుపోయాడు. ఇంట్లో అప్పుడు డబ్బు అవసరం ఉంది, ఎవరినీ తప్పు పట్టే పని లేదు. ఆ పిల్ల అడిగిందేమిటంటే, "మేడం, దేవుణ్ణి కొనుక్కెళ్లి వాళ్లేం చేస్తారు?"

జవాబు తెలియనప్పుడు తెలిసినట్టు మాట్లాడొద్దు, రేపు చెబుతానని చెప్పి రాత్రికి వెతుక్కో అని టీచర్ ట్రైనింగ్‌లో మాకు నేర్పారు. మేమూ రేపు చెబుతామన్నాం. ఆ రేపు రావడానికి మూడు వారాలు పట్టింది. వెతుకుతుంటే తెలిసింది, ఇలా పాత కంచు బొమ్మల్ని జ్ఞాపకంగా కొనుక్కెళ్లడం ఒకప్పుడు పెద్దింటి బిడ్డల చదువులో భాగమని.

దాన్ని గ్రాండ్ టూర్ అనేవారు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో ఇంగ్లండులోని ప్రభువుల కొడుకులు చదువు ముగిశాక యూరప్ చూడడానికి బయల్దేరేవారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు. కొందరికి కొన్ని నెలలు, కొందరికి మూడు నాలుగేళ్లు. పారిస్, ఫ్లోరెన్స్, వెనిస్ దాటి రోమ్‌కు, ఇంకా కిందికి నేపుల్స్‌కు. వెంట ఒక పంతులు ఉండేవాడు. కుర్రాడు తాగకుండా, జూదమాడకుండా, అప్పుల పాలు కాకుండా చూసుకోవడం ఆయన పని. జనం ఆయనకు పెట్టిన పేరు ఎలుగుబంటిని తిప్పేవాడు అని. ఇది చదివినప్పుడు మా వంటమ్మ మా వైపు చూసి నవ్వింది. వార్డెన్ ఉద్యోగం అప్పట్లోనే ఉందన్నమాట.

దారిలో ఆల్ప్స్ కొండలున్నాయి. మోన్ సెనీ అనే కనుమ దగ్గర బండి విప్పి ముక్కలు చేసి కంచరగాడిదల మీద వేసేవారు. దొరబాబును కుర్చీలో కూర్చోబెట్టి అక్కడి కొండవాళ్లు భుజాల మీద మోసుకుని దాటించేవారు. మన దగ్గర నిండు గర్భిణిని డోలీలో మోసుకుని వాగు దాటిస్తాం. అక్కడ కాళ్లు బాగున్నవాణ్ణి మోశారు. మోసినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ మాకు కనబడలేదు.

రోమ్‌కు చేరాక ఏం కొనాలి? ఇంటికి తిరిగి వెళ్లాక నేను అక్కడికి వెళ్లొచ్చానని నలుగురికీ కనబడాలి కదా. పొంపేయో బతోని అనే చిత్రకారుడి దగ్గర, వెనకాల పాత శిల్పాలు కనబడేలా తమ బొమ్మ వేయించుకునేవారు. పాలరాతి విగ్రహాలు కొనేవారు. అన్నిటికంటే మనసు పడేది కంచు మీద. కాని అసలైన పాత కంచు విగ్రహాలు చాలా తక్కువ మిగిలాయి. కారణం మీకు మేము చెప్పక్కర్లేదు. రాయిని పగలగొడితే రాళ్లే వస్తాయి, కంచును కరిగిస్తే మళ్లీ కంచే వస్తుంది. డబ్బు అవసరమైనప్పుడు, యుద్ధం వచ్చినప్పుడు మొదట కొలిమిలోకి పోయేది అదే. రోమ్‌లో పాంథియాన్ అని పంతొమ్మిది వందల ఏళ్ల గుడి ఉంది. దాని ముందు మంటపంలోని కంచును పదిహేడో శతాబ్దంలో ఎనిమిదో అర్బన్ అనే పోప్ ఊడదీయించి ఫిరంగులు పోయించాడు. గుర్రం మీద కూర్చున్న మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి కంచు విగ్రహం ఎలా మిగిలిందో తెలుసా? అది క్రైస్తవ మతం తీసుకున్న కాన్‌స్టంటైన్ చక్రవర్తిదని జనం పొరబడ్డారు. ఆ పొరపాటే దాన్ని కాపాడింది. అసలు పేరు తెలిసి ఉంటే ఎప్పుడో గంటలుగానో గిన్నెలుగానో మారిపోయేది.

పెద్ద విగ్రహాలు పోయినా చిన్నవి భూమిలో మిగిలాయి. మా అమ్మాయి ప్రశ్నకు దగ్గరైన సంగతి ఇక్కడే దొరికింది. పాత రోమన్లకు ఇంటి దేవుళ్లుండేవారు. లారెస్ అంటారు. జానెడు కంచు బొమ్మలు. పొట్టి అంగీ వేసుకుని, కాళ్లు ఆడిస్తున్నట్టు నిలబడి, ఒక చేతిలో కొమ్ముపాత్ర పట్టుకున్న కుర్రవాడి రూపం. గోడలో గూడు చేసి అందులో పెట్టుకునేవారు. ఇంట్లో తినేదాంట్లో కొంత వాళ్లకు పెట్టేవారు. పెళ్లయి కోడలు వచ్చినా, ఇంట్లో ఎవరైనా పోయినా, ఆ గూటి ముందుకు రావాల్సిందే. ఇది చదివి చెబుతుంటే పిల్లలు "మనలాగే" అన్నారు. అవును, మనలాగే.

క్రీస్తుశకం 79లో వెసూవియస్ కొండ పేలి పొంపే, హెర్క్యులేనియం ఊళ్లను కప్పేసింది. పద్దెనిమిదో శతాబ్దంలో నేపుల్స్ రాజు వాటిని తవ్వించాడు. హెర్క్యులేనియం మీద గట్టిపడిన బూడిద రాయిలా ఉంటుంది. సొరంగాలు కొట్టించి దొలిపించాడు. లోపల ఆ పని చేసినవాళ్లలో కాళ్లకు గొలుసులున్న ఖైదీలు కూడా ఉన్నారు. 1750లో అక్కడ ఒక ధనవంతుడి పెద్ద ఇల్లు బయటపడింది. పాత చుట్టల పుస్తకాలు దొరికాయి కాబట్టి పపైరస్ చుట్టల ఇల్లని పిలుస్తారు. కంచు విగ్రహాలు అన్ని ఒకేచోట దొరకడం అదివరకు లేదు. తాగి వెల్లకిలా పడి చిటిక వేస్తున్న ముసలివాడు, బండ మీద కూర్చుని అలుపు తీర్చుకుంటున్న హెర్మిస్, పరుగెత్తబోతున్న కుర్రాళ్లు. ఇప్పుడవన్నీ నేపుల్స్ మ్యూజియంలో ఉన్నాయి. ఫోటోలు చూడండి, పరుగు కుర్రాళ్ల కళ్లు ఇప్పటికీ మన వైపే చూస్తుంటాయి.

రాజు వాటిని తన రాజభవనంలో పెట్టుకున్నాడు. చూడడానికి వచ్చిన దొరల్ని బొమ్మ గీసుకోనిచ్చేవాడు కాదు, కాగితం మీద రాసుకోనిచ్చేవాడు కాదు. 1755లో పాత వస్తువులేవీ రాజ్యం దాటి పోకూడదని చట్టం చేశాడు. రోమ్‌లో పోప్ ప్రభుత్వానికీ ఇలాంటి కట్టడి ఉండేది. అనుమతి చీటీ లేకుండా పాత విగ్రహం ఊరు దాటకూడదు. ఆ అనుమతులు చూసే ఉద్యోగంలో 1763 నుంచి విన్‌కెల్‌మన్ అనే జర్మన్ పండితుడు ఉన్నాడు. చెప్పులు కుట్టే ఆయన కొడుకు. పాత శిల్పాల చరిత్ర రాయడం ఎలాగో యూరప్‌కు నేర్పినవాడు. మా పిల్లలకు ఆయన పేరు రెండుసార్లు చెప్పాం.

చట్టం ఉన్నంత మాత్రాన కారు వాడు రాకుండా ఉంటాడా? అప్పుడూ వచ్చాడు. నేపుల్స్‌లో ఇంగ్లండు రాజు తరఫున దౌత్యవేత్తగా ఉన్న సర్ విలియం హామిల్టన్, ఒక డ్యూక్ మనవడు, మట్టి కుండల్నీ కంచు వస్తువుల్నీ వందల్లో పోగుచేశాడు. 1772లో బ్రిటిష్ మ్యూజియానికి 8,400 పౌండ్లకు అమ్మాడు. వెతికి, చదివి, శ్రద్ధగా భద్రపరిచిన మనిషే. లోకానికి మేలు కూడా చేశాడు. అయినా ఆ కుండల్నీ బొమ్మల్నీ నేలలోంచి పైకి తీసిన కూలీలకు ఎంత ముట్టిందో ఎక్కడైనా రాసి ఉంటుందేమోనని మేము వెతికాం. కనబడలేదు.

ఇక మేము ఎక్కువసేపు ఆగిన చోటుకు వస్తాం. అసలువి కొనడం కష్టమయ్యేసరికి రోమ్‌లో కొత్త పని పుట్టింది. పాత విగ్రహాలకు చిన్న నకళ్లు కంచుతో పోసి అమ్మడం. జాకొమో జోఫోలి, ఆయన తర్వాత జొవాన్ని జోఫోలి, ఇంకొకరు ఫ్రాంచెస్కో రిగెత్తి. బంగారం పని, పోత పని తెలిసిన మనుషులు. మార్కస్ ఆరేలియస్ గుర్రం, అపోలో, గద మీద ఆనుకున్న హెర్క్యులిస్, ఇలాంటివన్నీ మూరెడు ఎత్తులోపు చేసిచ్చేవారు. దొరలు ఇంటికి తీసుకెళ్లి చలిమంట గూటి పైనున్న పలక మీద వరసగా పెట్టుకునేవారు. నడుమ పెద్దది, అటూ ఇటూ చిన్నవి.

ఇందులో మాకు నవ్వొచ్చిన సంగతి ఒకటుంది. ఆ హెర్క్యులిస్ అసలు లిసిప్పస్ అనే గ్రీకు శిల్పి కంచులో చేసింది. అది పోయింది. రోమన్లు దాన్ని చూసి పాలరాతిలో చెక్కించుకున్నారు. జోఫోలి కాలంలో ఆ పాలరాయిని చూసి మళ్లీ కంచులో పోశారు. తాత ముక్కు మనవడికి వచ్చినట్టు.

పని ఎలా చేసేవారో చదివితే మన పోతకూ వాళ్ల పోతకూ చుట్టరికం కనబడుతుంది. రెండూ మైనం పోతలే. మన వోజ్ కుటుంబాల వాళ్లు, కేస్లాగూడలో, ఉషేగాంలో చేసేది మీలో చాలామంది చూసే ఉంటారు. మట్టితో లోపలి దిమ్మ చేస్తారు. మైనాన్ని సన్న దారాలుగా తీసి దాని చుట్టూ చుడతారు. కళ్లు, గజ్జెలు, జూలు అన్నీ ఆ దారంతోనే. పైన మెత్తటి మట్టి పూసి, ఆపైన గట్టి మట్టి వేసి, దారి వదిలి కాలుస్తారు. మైనం కరిగిపోయిన జాగాలోకి ఇత్తడి వస్తుంది. తర్వాత మట్టి పగలగొడతారు. ఒక్క మూసకు ఒక్క బొమ్మ. రెండోది కావాలంటే మళ్లీ మొదటి నుంచి. రోమ్ వాళ్లు దొరల గిరాకీకి తగ్గట్టు ఇంకో దారి పట్టారు. ముందు ఒక నమూనా. దాని మీద విడివిడి ముక్కల అచ్చు. ఆ అచ్చులో మైనం పోస్తే ఎన్ని కావాలంటే అన్ని మైనపు బొమ్మలు. వాటికి మట్టి కట్టి కంచు పోస్తారు. చెయ్యి వేరు, కాలు వేరు పోసి అతికి, ఉలితో గీసి నునుపు చేస్తారు. అందుకే వాళ్లవి ఒకదానికొకటి కవలల్లా ఉంటాయి, మనవి అన్నదమ్ముల్లా ఉంటాయి.

మమ్మల్ని ఆపింది మాత్రం ఈ తేడా కాదు. జోఫోలి బొమ్మల పీఠం మీద జి. జోఫోలి ఎఫ్ అని చెక్కి ఉంటుంది. ఆ ఎఫ్ లాటిన్ మాటకు గుర్తు, చేసినవాడు అని అర్థం. రిగెత్తి తన పేరుతో పాటు రోమ్ అనీ, కొన్నిటి మీద సంవత్సరం కూడా వేశాడు. వాళ్ల దగ్గర అచ్చువేసిన ధరల పట్టీలుండేవి. రిగెత్తి 1794లో ఫ్రెంచి భాషలో జాబితా అచ్చు వేయించాడు, ఎందుకంటే కొనేవాళ్లకు వచ్చిన భాష అది. మరుసటి ఏడాది జోఫోలి వాళ్ల పట్టీని ఒక ఇంగ్లిషు కుర్రాడు లండన్‌లోని తన యజమానికి ఉత్తరంలో పెట్టి పంపాడు. బొమ్మ పేరు, ధర. బేరం కారు దగ్గర నిలబడి జరగలేదు. చేసినవాడి దుకాణంలో, చేసినవాడు చెప్పిన ధరకు జరిగింది.

మేము ఈ మాట చెప్పినప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి, పోత పని చేసే ఇంటి పిల్ల, లేచి నిలబడింది. "మా తాత ఇంతవరకు ఒక్కదాని మీద కూడా పేరు వేయలేదు మేడం" అంది. ఎందుకని అడిగాం. "ఎవరు చేశారో ఊళ్లో అందరికీ తెలుసు కదా" అంది. ఊళ్లో అమ్ముకున్నంత కాలం అది సరైన జవాబే. గోండు ఇంటికి ఏ వోజ్ ఇల్లు గంటలు చేసిస్తుందో, దీపాలు చేసిస్తుందో, ఇద్దరికీ తెలుసు. పేరెందుకు? హైదరాబాద్ వెళ్లి, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయే బొమ్మకు ఊరు తోడుండదు.

ఈ మాట అంటున్నాం కాబట్టి ఇంకో మాట కూడా. సంఘం పెద్దలు కోపం తెచ్చుకోవద్దు. ఈ బల్ల మీద అతిథులకు ఇవ్వడానికి డోక్రా జ్ఞాపికలు పెట్టారు. చాలా బాగున్నాయి. సభ మొదలు కాకముందు మేము ఒక్కొక్కటీ తిప్పి చూశాం. అట్టపెట్టె మీద దుకాణం పేరుంది, ధర ఉంది. చేసిన మనిషి పేరు లేదు, ఊరు లేదు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చప్పట్లు కొట్టాం, మంచిదే. ఆ గుర్తింపు జిల్లాది. మనిషిది ఎప్పుడు?

రోమ్ కథ అక్కడితో సుఖంగా ఆగలేదు, అదీ చెప్పాలి. అక్కడ అందరూ ఇష్టపడే కంచు బొమ్మ ఒకటుంది. బండ మీద కూర్చుని, ఎడమ కాలు మోకాలి మీద వేసుకుని, అరికాల్లో ముల్లు తీసుకుంటున్న పిల్లవాడు. 1471లో నాలుగో సిక్స్టస్ అనే పోప్ దాన్ని రోమ్ ప్రజలకు ఇచ్చేశాడు. మూడు వందల ఏళ్లు కాపిటోలిన్ కొండ మీద ఉంది. దొరలు దాని నకళ్లు కొనుక్కెళ్లారు గాని అసలుది ఎవడికీ దొరకలేదు. చివరికి నెపోలియన్ సైన్యం వచ్చింది. 1797లో ఓడిన పోప్ చేత సంతకం పెట్టించుకుని, కొనకుండానే బండ్లకెక్కించి పారిస్‌కు తీసుకెళ్లారు. నెపోలియన్ ఓడిపోయాకనే పిల్లవాడు ఇంటికి తిరిగొచ్చాడు. చట్టం కొనేవాణ్ణి కొంతవరకు ఆపుతుంది, తుపాకీ ఉన్నవాణ్ణి ఆపలేదు. తిరిగి తెచ్చుకోవచ్చు అన్నదీ అంతే నిజం. ఎవరిదో, ఎక్కడిదో రాసి ఉంది కాబట్టి తెచ్చుకోగలిగారు.

ఆ పిల్లవాడి ఫోటోను మా డిజిటల్ క్లాసు తెర మీద వేశాం. తరగతి అంతా ఒక్కసారి కిందికి చూసింది, వాళ్ల వాళ్ల కాళ్ల వైపు. ముల్లు గుచ్చుకోని కాలు మా హాస్టల్లో లేదు. రెండు వేల ఏళ్ల కిందటి బొమ్మకు ఇంతకంటే మంచి ప్రేక్షకులు దొరికారని మేము అనుకోం.

నేపుల్స్ సంగతి ఇంకొక్కటి, హాస్టల్ వాళ్లం కాబట్టి వదల్లేకపోతున్నాం. అక్కడి రాజు పేదలకూ అనాథలకూ ఒక పెద్ద భవనం మొదలుపెట్టాడు. అల్బెర్గో దెయి పోవెరి, అంటే బీదల సత్రం. పిల్లల్ని పెట్టి చేతిపనులు నేర్పేవారు. 1870లో జెన్నారో కియురాత్సి అనే పోతగాడు మొదలుపెట్టిన కార్ఖానా ఆ భవనంలోనే నడిచింది. అప్పటికి దొరల కాలం పోయి రైలెక్కి వచ్చే మామూలు యాత్రికుల కాలం వచ్చింది. పొంపే, హెర్క్యులేనియం విగ్రహాలకు ఆయన చేసిన నకళ్లు ఇప్పటికీ లోకమంతా ఉన్నాయి. ఆ జాబితాలో రంగులు కూడా ఎంచుకోవచ్చు. పొంపే రంగంటే పచ్చ చిలుము. హెర్క్యులేనియం రంగంటే నలుపు. ఇంకోటి గోధుమ వన్నె. నిన్న పోసిన బొమ్మకు రెండు వేల ఏళ్ల వయసు పూసి ఇచ్చేవారు. నకలని చెప్పే అమ్మారు కాబట్టి మోసం కాదు. మన దగ్గర మాత్రం కొత్త బొమ్మను మట్టిలో పూడ్చి, తీసి, పాతదని చెప్పి అమ్మేవాళ్లున్నారని ఆ తొమ్మిదో తరగతి పిల్ల తాత మాతో అన్నాడు. అలా చేయమని తననూ అడిగారట. చేయలేదట. "నా బొమ్మకు ముసలితనం ఎందుకు, నాకుంది చాలదా" అన్నాడు.

ఆ తాత మా హాస్టల్‌కు ఎలా వచ్చాడంటే, ఆ పిల్లే తీసుకొచ్చింది. ఆదివారం పొద్దున కొలిమి తిత్తి, మైనం, మట్టి సంచితో దిగాడు. రెండు రోజులు మా వంటశాల వెనక రేకుల షెడ్డులో పని చేసి చూపించాడు. పొగకు వంటమ్మలు తిట్టారు, తర్వాత వాళ్లే ముందు వరసలో కూర్చున్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి, మూర్తి పోయిన ఇంటి పిల్ల, ఆయన్ని అడిగింది, మా దేవుణ్ణి మళ్లీ చేసిస్తావా అని. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. దేవుడి మూర్తి చేయడానికి లెక్కలున్నాయి, ఇంటి పెద్ద వచ్చి అడగాలి, రోజు చూడాలి, హాస్టల్ షెడ్డులో చేసేది కాదు అన్నాడు. "అమ్మేది వేరు బిడ్డా, అడిగి చేయించుకునేది వేరు." రోమ్‌లో పోప్ ప్రభుత్వం అనుమతి చీటీలతో గీసిన గీత ఆయన నోట్లో ఒక్క మాటలో ఉంది. తర్వాత ఆ ఇంటి వాళ్లు ఆయన దగ్గరికి వెళ్లారు. ఏం జరిగిందో వాళ్లిద్దరి మధ్య సంగతి.

చట్టం గురించి మాత్రం ఇక్కడున్న సర్పంచులకు, యువకులకు చెప్పి పోతాం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన లోహ శిల్పం పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడం నేరం. లైసెన్సు లేకుండా అలాంటివి కొని అమ్మే వ్యాపారం చేయకూడదు. కారు వచ్చినప్పుడు లైసెన్సు చూపించమని అడగండి. ఊళ్లో ఎవరి ఇంట్లో ఏముందో జాబితా రాయమని మేము చెప్పడం లేదు, జాబితా దొంగకూ పనికొస్తుంది. ఇంటి వాళ్లు తమ మూర్తికి నాలుగు వైపులా ఫోటో తీసి, కొలత రాసి, తమ దగ్గరే పెట్టుకుంటే చాలు. దేవారిని అడిగాకే ఫోటో.

మన దగ్గరికీ ఒక ప్రభువంశం మనిషి వచ్చాడు కదా అని మీరనవచ్చు. హైమన్‌డార్ఫ్ పుట్టుకతో ఆస్ట్రియా బారన్. 1936లో నాగా కొండల్లో తిరిగినప్పుడు వియన్నా మ్యూజియం కోసం వస్తువులు సేకరించినవాడే. మన మార్లవాయికి వచ్చాక మాత్రం 1943లో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టించాడు. మేము ఈ పలక, ఈ చాక్‌పీసు పట్టుకోవడానికి ఆ దారి కూడా ఒక కారణం. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. అందరు ప్రయాణికులూ ఒకేలా ఉండరు, ఒక ప్రయాణికుడే జీవితమంతా ఒకేలా ఉండడు.

ఇంతకీ ఆ అమ్మాయి ప్రశ్నకు మేము చెప్పిన జవాబు. చలిమంట గూటి పైన పెట్టుకుంటారమ్మా. ఎక్కడి నుంచి తెచ్చారో వచ్చినవాళ్లకు చెబుతారు. వాళ్లు పోయాక కొడుకులు అమ్ముకుంటారు, లేదా మ్యూజియానికి ఇస్తారు. అక్కడ అద్దాల పెట్టెలో పెట్టి చీటీ అంటిస్తారు. దుమ్ము తుడుస్తారు. అన్నం పెట్టరు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే ఆకలితో ఉంటాడు" అంది. దానికి మా దగ్గర ఏ పుస్తకంలోనూ జవాబు లేదు.

తాత రెండో రోజు ఒక ఏనుగు చేశాడు. ఇది అమ్మే రకం, కాబట్టి షెడ్డులో చేయొచ్చు. పిల్లలు పట్టుబట్టారు, ఈసారి కడుపు కింద పేరు వేయాలని. ఏ లిపిలో అన్న దాని మీద గంటసేపు గొడవ. కొనేవాడు చదవాలంటే ఇంగ్లిషు అని కొందరు. తెలుగు అక్షరం గుండ్రం, మైనపు దారానికి సులువు అని కొందరు. గుంజాల గోండి అక్షరాలు నేర్చుకున్న ఇద్దరు పిల్లలు అదే ఉండాలన్నారు. తాతకు ఇవేవీ చదవడం రాదు. "నా మనవరాలు చదవగలిగేది వేయండి" అన్నాడు. తెలుగు ఖాయమైంది. తర్వాత ఇంకో అనుమానం. హాజరు పుస్తకం రబ్బరు స్టాంపులా అక్షరాలు తిరగేసి రాయాలా? వద్దన్నాడు ఆయన. మైనం ఎలా ఉందో ఇత్తడీ అలాగే వస్తుంది, తిన్నగానే రాయమన్నాడు. మనవరాలు దారం తిప్పి పేరు రాసింది, కింద ఊరి పేరు రాసింది. మట్టి కట్టారు, కాల్చారు, పోత పోశారు, చల్లారాక పగలగొట్టారు. ఆ ఏనుగు ఇప్పుడు మా ఆఫీసు బల్ల మీద ఉంది. తనిఖీకి వచ్చిన ఒక అధికారి చూసి, జ్ఞాపికగా ఇస్తే బాగుండేదన్నారు. తిప్పి పేరు చూపించి, ఆ ఊరి దారి చెప్పాం.

ఊరి పేరు చక్కగా వచ్చింది. తాత పేరులో ఒక వత్తు దగ్గర ఇత్తడి నిండిపోయి చుక్కలా మిగిలింది. దారం లావైందట. ఈసారి దండారి సెలవుల్లో ఇంకా సన్నగా తీస్తామని తాతామనవరాలు అనుకుంటున్నారు.